పర్చీ వెనుక పైసలు

(నార్కట్‌పల్లిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సమావేశంలో మేము మీకు లెక్క చెబుతాం. ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాం, ఎన్ని ఇళ్లకు రంజాన్ రేషన్ పంపాం, ఎందరు రోగులకు సాయపడ్డాం అని కార్యదర్శి గారు చదువుతారు. ఈసారీ చదివారు, మీరూ విన్నారు. అందులో ‘వైద్య సహాయం’ అని ఒక పద్దు ఉంది. మిగతా పద్దుల్లో పెట్టిన రూపాయి కళ్లకు కనిపిస్తుంది. పుస్తకాలకు ఇస్తే పుస్తకాలు, బియ్యానికి ఇస్తే బియ్యం. ఈ ఒక్క పద్దులో మాత్రం రూపాయి రోగి చెయ్యి దాటాక ఎవరి జేబులో ఎంత పడుతుందో మేము చాలా ఏళ్లు అడగలేదు. అడగకపోవడం మా తప్పే. ఆ సంగతే ఇవాళ మాట్లాడతాం.

ముందే ఒక మాట. హైవే పక్కనే మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్న ఊరు మనది. పేరు ఎత్తకుండా ఆసుపత్రుల గురించి మాట్లాడితే ‘ఫలానా వాళ్లనే అంటున్నారు’ అని బయటకు పోయే ప్రమాదం ఉంది. మేము ఏ ఒక్క ఆసుపత్రినీ అనడం లేదు. అలవాటుగా మారిన ఒక పద్ధతి గురించి చెబుతున్నాం.

రెండేళ్ల కింద ఒక ఖాలా మా దగ్గరికి వచ్చింది. వయసు అరవై దాటింది, నడుము వంగిపోయింది. మన జిల్లాలో నడుము నొప్పి, కీళ్ల నొప్పి కొత్త సంగతులు కావు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరాలు మనవి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు కనిపెడితే దానికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడింది. పేరు మనకు దక్కింది, నొప్పి మనతోనే ఉంది. ఆ ఖాలాకు మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులేశాడు. తగ్గకపోతే తానే బండి మీద ఒక పట్నానికి తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు ఎంఆర్‌ఐ తీయించుకురమ్మని పర్చీ రాశాడు. పర్చీ మీద స్కానింగ్ సెంటర్ పేరు అచ్చేసి ఉంది. కింద మూలన పెన్నుతో రెండక్షరాలు, ఒక అంకె.

‘‘గాడికే పోవాలె, వేరే కాడ తీపిస్తె చూడనన్నడు సారూ’’ అంది ఖాలా. ఏడు వేలట.

ఆమె చేతిసంచిలో ఒక పెద్ద కవరు కూడా ఉంది. విప్పి చూస్తే రెండు నెలల కింద ఇంకోచోట తీసిన ఎంఆర్‌ఐ. ‘‘ఇది చూపెట్టలేదా?’’ అంటే, ‘‘చూపెట్టిన. గది పనికి రాదన్నడు’’ అంది. కవరు తెరిచి చూశాడా అంటే లేదు.

మేము డాక్టర్లం కాదు. అది పనికొస్తుందో రాదో మాకేం తెలుసు? స్కానింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి, సొసైటీ తరఫున పేద రోగిని పంపుతున్నాం, కొంచెం తగ్గించండి అని అడిగాం. అవతలి మనిషి బేరం కూడా ఆడలేదు. ‘‘డాక్టర్ గారి పర్చీ లేకుండా మీ లెటర్ మీదే పంపండి సార్, నాలుగు వేలకు చేస్తాం’’ అన్నాడు.

మాకు భలే సంతోషమయింది. మూడు వేలు మిగిల్చామని చంకలు గుద్దుకున్నాం. సాయంత్రం మాలో ఒకరు, లెక్కల సారు, చాయ్ తాగుతూ అడిగారు: ‘‘అదే మిషను, అదే సినిమా, అదే రిపోర్టు. మరి ఆ మూడు వేలు ఎవరివి?’’

ఎవరమూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి మా పాత ఫైళ్లు తిరగేశాం. మా ద్వారా సాయం పొందిన రోగుల ఇళ్లకు పోయి అడిగాం. ల్యాబుల్లో పనిచేసే మన పిల్లలను అడిగాం. తెలిసిందేమిటంటే, ఆ మూలన రాసే అక్షరాలు డాక్టరు కోడు. నెలాఖరుకు సెంటర్‌లో లెక్క తీస్తారు. ఏ కోడు మీద ఎన్ని స్కాన్లు, ఎన్ని రక్త పరీక్షలు వచ్చాయో చూసి కవరు పంపుతారు. కొన్ని చోట్ల దానికి ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని మర్యాదైన పేరు పెట్టి చెక్కే ఇస్తారు. ఆసుపత్రులకైతే పీఆర్వోలని ఉంటారు. వాళ్ల పని ఊరూరా తిరిగి ఆర్‌ఎంపీలను కలవడం. రోగిని పంపితే ఇంత, ఆపరేషన్ అయితే ఇంత. హైవే మీద ప్రమాదం జరిగితే కొందరు ప్రైవేటు అంబులెన్స్ డ్రైవర్లకూ ఇదే లెక్క. మన చౌరస్తా నుంచి హైదరాబాద్ దాకా దారిలో ఎన్ని ఆసుపత్రులున్నాయో మీకు తెలుసు. రక్తం కారుతున్న మనిషిని ఏ గేటు ముందు దింపాలో నిర్ణయించే క్షణంలో డ్రైవరు మనసులో ఇంకో అంకె తిరుగుతుంటే అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి విలువ అక్కడే ఉంది. దాన్ని నడిపే మనిషికి రోగిని బట్టి వాటా రాకూడదన్నదే ఆ ఏర్పాటు.

ఒక పెద్దాయన మాతో అన్నారు: ‘‘వాళ్ల లాభంల నుంచి వాళ్లు ఇచ్చుకుంటరు, మనకేంది?’’ వాళ్ల లాభం నుంచి ఇస్తే మేమూ నోరు మూసుకునేవాళ్లం. నాలుగు వేలకు చేసినా సెంటర్‌కు గిట్టుబాటు అయిందంటే, ఆ మూడు వేలు మొదటి నుంచీ రోగి నెత్తిన వేసిన బరువే. రోగి తరఫున మేము కడితే అది మీ జకాత్, మీ సదఖా. జకాత్ ఎవరికి చేరాలో ఎనిమిది వర్గాలు చెప్పబడ్డాయి. స్కానింగ్ సెంటర్ పీఆర్వో ఆ ఎనిమిదిలో లేడు.

డబ్బు నష్టం ఒక వంతే. పరీక్ష ఎక్కువైతే పైసలే పోతాయి. ఆపరేషన్ ఎక్కువైతే శరీరమే పోతుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మన పక్కనున్న మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాల్లో మొదలైంది. ఎన్నో గుండె ఆపరేషన్లు చేయించి ప్రాణాలు నిలిపిన పథకం, కాదనలేం. కానీ తొలి ఏళ్లలోనే, అవసరం లేకున్నా ఆడవాళ్ల గర్భసంచులు తీసేస్తున్నారని గోల లేచి, ఆ ఆపరేషన్ మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. వేరే రాష్ట్రాల్లోనూ ఇదే జరిగితే సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో దీని మీద మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. ముప్పై, ముప్పై అయిదేళ్ల కూలీ ఆడబిడ్డలు వాళ్లు. కడుపులో నొప్పి అని పోతే కడుపే కోశారు.

చట్టం లేదా అంటే ఉంది. డాక్టర్ల ప్రవర్తన గురించి మెడికల్ కౌన్సిల్ 2002లో నియమాలు చేసింది. రోగిని ఒకరి దగ్గరికి పంపినందుకు గానీ, పరీక్షకు పంపినందుకు గానీ డాక్టరు కమీషన్, బహుమతి, బోనస్ ఏదీ తీసుకోరాదు, ఇవ్వరాదు, అడగరాదు అని అందులో స్పష్టంగా ఉంది. మందుల కంపెనీల కానుకలను 2009 డిసెంబరులో ప్రత్యేకంగా నిషేధించారు. కొత్త నియమాలు 2023 ఆగస్టులో తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టారు. కాబట్టి పాతవే నడుస్తున్నాయి. తప్పు తేలితే రిజిస్టర్ నుంచి డాక్టరు పేరు కొంతకాలమో, శాశ్వతంగానో తీసేయవచ్చు. ఫిర్యాదు అందిన ఆరు నెలల్లో రాష్ట్ర కౌన్సిల్ తేల్చాలని కూడా రాశారు.

చిక్కు ఎక్కడుందంటే, కౌన్సిల్ చెయ్యి డాక్టరు దాకానే పోతుంది. కవరు ఇచ్చే ల్యాబు యజమాని, బండి మీద తీసుకుపోయే ఆర్‌ఎంపీ, పీఆర్వో, డ్రైవరు, వీళ్లెవరూ ఆ రిజిస్టర్‌లో లేరు. ఇచ్చేవాడు బయట, తీసుకునేవాడు లోపల. ఇద్దరినీ పట్టే చట్టం చేయాలని మహారాష్ట్ర 2017లో ముసాయిదా రాసింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది.

ఆ మహారాష్ట్రలోనే మహద్ అని చిన్న పట్నం ఉంది. అక్కడ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే ఆయన తేలు కాటుకు ప్రాజోసిన్ అనే మందు వాడి ఎందరో కోనసీమ రైతులవంటి కొంకణ్ రైతుల ప్రాణాలు నిలబెట్టారు. ఆయన పంపిన రోగికి స్కాన్ చేసిన సెంటర్ వాళ్లు 2013లో ఆయనకు 1,200 రూపాయల చెక్కు పంపారు. ఆయన దాన్ని బ్యాంకులో వేసుకోలేదు, మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, తేలు కాటు పనికి. మాకు మాత్రం ఆ చెక్కు వాపసు చేసిన పని కూడా అంతే పెద్దదిగా కనిపిస్తుంది.

అదే 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఒక మందుల కంపెనీ డాక్టర్లకు కానుకల కింద పెట్టిన సుమారు 4.7 కోట్ల రూపాయలను ‘వ్యాపార ఖర్చు’గా చూపి పన్ను తగ్గించమంది. కుదరదని కోర్టు చెప్పింది. డాక్టరు తీసుకోవడం తప్పయినప్పుడు కంపెనీ ఇవ్వడం ఒప్పెలా అవుతుందన్నది అందులోని తర్కం. ఆ కానుకల ఖర్చు చివరకు మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందని కూడా జడ్జీలు రాశారు. మా లెక్కల సారు చాయ్ కొట్టు దగ్గర అడిగిన ప్రశ్న అదే.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో సొంత ఎక్స్‌రే మిషన్లు పెట్టుకున్న డాక్టర్లు, మిషన్ లేని డాక్టర్లు, ఇద్దరినీ పోల్చి 1990లో ఒక అధ్యయనం అచ్చయింది. జబ్బు ఒకటే అయినా మిషన్ ఉన్నవాళ్లు నాలుగు రెట్లకు పైగా ఎక్కువసార్లు తీయించారట. వాళ్లందరూ దొంగలా? కాదనే మా అభిప్రాయం. చాలామంది నిజంగా అవసరమనే అనుకొని ఉంటారు. జేబు మనసుకు చెప్పే మాట అంత మెల్లగా ఉంటుంది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు పీట్ స్టార్క్ పేరు మీద 1989లో చట్టం వచ్చింది. తనకు గానీ, తన ఇంటివాళ్లకు గానీ వాటా ఉన్న ల్యాబుకు, ప్రభుత్వ బీమా ఉన్న రోగిని డాక్టరు పంపకూడదు. మనసులో ఏముందని ఆ చట్టం అడగదు, వాటా ఉందా లేదా అనే అడుగుతుంది.

డాక్టర్ల మీద రాళ్లేసి కూర్చోవడం మాకు ఇష్టం లేదు. మేము పంతుళ్లం. మా వృత్తిలోనూ ఇది ఉంది. క్లాసులో సగం చెప్పి, మిగతా సగం సాయంత్రం ట్యూషన్‌లో చెప్పే సార్లను మీరూ చూసి ఉంటారు. పేపరు దిద్దేవాడే ట్యూషన్ నడిపితే, తక్కువ మార్కులు వేసినప్పుడు ఏ తండ్రి నమ్ముతాడు? అందుకే 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని రాశారు. గైడ్ల కంపెనీలు జూన్‌లో తెచ్చిచ్చే గోడ గడియారాలు, డైరీలు మేమూ తీసుకున్నాం. ఒకటి మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. ఏ గైడు కొనమని పిల్లలకు చెప్పామో కూడా గుర్తుంది.

ఆర్‌ఎంపీని కూడా తిట్టి వదిలేయలేం. అర్ధరాత్రి జ్వరానికి వచ్చేది అతనే. యాభై రూపాయలు చేతిలో పెడతాం, అదీ ఒక్కోసారి ‘రేపిస్తా’ అంటాం. అతని ఇల్లు మన యాభైతో నడవదు, పీఆర్వో కవరుతో నడుస్తుంది. డాక్టరు ఫీజు మూడు వందలంటే ‘రెండు నిమిషాలు చూసి మూడు వందలా’ అని గొణుగుతాం, మూడు వేల పరీక్షలు రాస్తే ‘మంచిగ చూసిండు’ అని మెచ్చుకొని వస్తాం. నల్లగొండలో క్లినిక్ పెట్టిన ఒక యువ డాక్టరు మాతో చెప్పిన మాట ఇది: మొదటి నెలలో కమీషన్ ఇవ్వనని చెప్పాడు, రెండో నెల నుంచి ఊళ్ల నుంచి ఒక్క రోగీ రాలేదు. ఆరు నెలలు అద్దె చేతి నుంచి కట్టాడు. ఇప్పుడు ఇస్తున్నాడా లేదా అని మేము అడగలేదు. అడిగి ఉండాల్సిందేమో.

ఇక మా ఇంటి సంగతి. పోయిన రంజాన్‌లో, తరావీహ్ అయ్యాక, ఒక ల్యాబు నుంచి మర్యాదగా ఒకాయన వచ్చారు. మేము రోగులకు ఇచ్చే సొసైటీ చిట్టీల గురించి ఆయనకు అంతా తెలుసు. ‘‘మీ రోగులందరినీ మా దగ్గరికే పంపండి. ఒక్కో రోగికి ఇంత అని మీ సొసైటీ ఖాతాలో విరాళంగా వేస్తాం. రసీదు ఇవ్వండి చాలు. మీ సావనీరు వెనుక అట్ట ప్రకటన కూడా మేమే తీసుకుంటాం’’ అన్నారు. ఆయన పోయాక లెక్క వేస్తే, ఏడాదికి మా వైద్యం పద్దులో దాదాపు నాలుగో వంతు వచ్చేలా ఉంది.

కమిటీలో రెండు రాత్రులు వాదన నడిచింది. దాచడం ఎందుకు, కోపాలూ వచ్చాయి. ఒక చాచా, మాలో అందరికన్నా ఎక్కువ చందా తెచ్చే మనిషి, గట్టిగా అడిగారు: ‘‘ఆ పైసలు మన జేబుల పెట్టుకుంటున్నమా? గరీబులకే గద పెడుతున్నం. ముగ్గురికి డయాలసిస్ అయితది. ఒద్దని పంపుడు పుణ్యమా?’’ ఆయన ప్రశ్న చిన్నది కాదు. డయాలసిస్ కోసం క్యూలో ఉన్న ఆ ముగ్గురి పేర్లూ మాకు తెలుసు. వాళ్లలో ఒకరి కొడుకు మా స్కూల్లోనే చదివాడు.

అప్పుడు మాలో ఒకరు జకాత్ వసూలు చేసిన ఆ మనిషి వృత్తాంతం గుర్తు చేశారు. మీలో చాలామంది ఖుత్బాల్లో విన్నదే. దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు ఒకాయనను పంపారు. తిరిగొచ్చి ఆయన, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు కుప్పలు పెట్టాడు. తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని ప్రవక్త (స) అందరి ముందూ అడిగారు. ఆయన దొంగతనం చేయలేదు, దాచలేదు, తానే చెప్పాడు. అయినా ఆ కుప్ప ఆయనది కాదు.

మేము సొసైటీ చిట్టీ ఇవ్వకుండా ఇంట్లో కూర్చుంటే ఆ ల్యాబు మాకు విరాళం ఇచ్చేదా? రోగి మా మాట నమ్మి పోతాడు. ఆ నమ్మకానికి ధర కట్టి మాకిస్తామంటున్నారు. పైగా ఆ డబ్బు వచ్చేది కూడా రోగి బిల్లులోంచే. ఒక పేదవాడి నుంచి తీసి ఇంకో పేదవాడికి ఇచ్చి, మధ్యలో మేము మంచివాళ్లం అనిపించుకోవడం! రేపు ఇంకో ల్యాబు తక్కువ ధరకు బాగా చేస్తానంటే రోగికి చెబుతామా? చెప్పడానికి నోరు రాదు. చాచా చివరికి, ‘‘అయితె ఆ నాలుగో వంతు మీరే తెచ్చి పెట్టండి’’ అన్నారు. న్యాయమైన మాట. ఇవాళ మీ ముందు నిలబడడానికి అదీ ఒక కారణం.

ల్యాబుకు మేము ఇచ్చిన జవాబు ఇది: మాకు ఇస్తామన్న మొత్తాన్ని రోగి బిల్లులోనే తగ్గించండి, మిగతా ల్యాబుల పేర్లూ మేము చెబుతూనే ఉంటాం. వాళ్లు ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు మేము చేస్తున్నది ఏమంత గొప్పది కాదు. రోగి వస్తే ముందు పాత రిపోర్టులు అడుగుతున్నాం. పర్చీ మీద సెంటర్ పేరున్నా సరే, రెండు మూడు చోట్ల ధర అడిగి రిజిస్టర్‌లో రాస్తున్నాం. ధరల పట్టిక తెలుగులో, ఇంగ్లిషులో గోడకు పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నియమాల్లో ఉంది, అది ఎక్కడుందని అడగమని రోగికి చెబుతున్నాం. ‘ఈ పరీక్ష వల్ల నా మందు మారుతుందా?’ అని డాక్టరును మర్యాదగా అడగడం కూడా నేర్పుతున్నాం. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు కోప్పడడని మా అనుభవం. కమిటీ సభ్యులెవరికైనా, వారి బంధువులకైనా ల్యాబులో, మెడికల్ షాపులో వాటా ఉంటే అది రాసివ్వాలని తీర్మానం చేశాం. ఇద్దరు రాసిచ్చారు. వాళ్లిద్దరూ వైద్యం చిట్టీల మీద సంతకం పెట్టరు. వాళ్ల నిజాయితీ మీద అనుమానం ఉండి కాదని వాళ్లకూ తెలుసు.

వెనకటి రోజుల్లో ఇంతకన్నా పెద్ద ఏర్పాటే చేశారు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన ఆసుపత్రికి వక్ఫ్ ఆస్తులు రాసిచ్చారు. వైద్యుడి జీతం ఆ వక్ఫ్ నుంచే వచ్చేది, రోగి దగ్గర నుంచి ఏమీ తీసుకునేవారు కాదు. ఎక్కువ మందు రాస్తే ఎక్కువ రాదు, తక్కువ రాస్తే తక్కువ కాదు. మన సొసైటీకి అంత శక్తి లేదు. వారానికి రెండు పూటలు ఒక డాక్టరుకు మనమే జీతమిచ్చి కూర్చోబెట్టగలమా అని మాత్రం అడుగుతున్నాం. అంచనా లెక్క కార్యదర్శి గారి దగ్గర ఉంది, చూడండి.

ఆ ఖాలా సంగతి చెప్పలేదు కదూ. రెండో ఎంఆర్‌ఐ తీయించలేదు. పాత కవరు పట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి ఎముకల డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ఇది చాలు అన్నాడు. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. ఫ్లోరైడ్ పట్టిన ఎముకకు అంతకంటే ఎక్కువ ఎవరూ చేయలేరని కూడా ఆయనే చెప్పాడు. మిగిలిన నాలుగు వేలలో ఆమె మందులకు కొంత, ఇంకొకరి కళ్లద్దాలకు కొంత పోయింది. రిజిస్టర్‌లో ఉంది.

ఇక ఈ సావనీరు వెనుక అట్ట. ప్రకటన లేదేమని కొందరు దాతలు అడిగారు, కారణం ఇప్పుడు తెలిసింది కదా. అచ్చు వేసే అతను, ఖాళీగా ఎందుకు, పూల బొమ్మ వేయమంటారా అన్నాడు. వద్దన్నాం. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద 2021 జూన్‌లో నల్లగొండలో ల్యాబు పెట్టారు. మన ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో రక్తం ఇస్తే అక్కడికి పోతుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది, పైసా ఖర్చు లేదు. 2023 జులై నుంచి ఆ పరీక్షలను 134కు పెంచారు. థైరాయిడ్, షుగర్, కిడ్నీ, లివర్ పరీక్షలు, ఏవేవి ఎక్కడ చేస్తారో తెలుగులో, ఉర్దూలో రాసి ఆ అట్ట మీద వేయమన్నాం. చింపి గోడకు అంటించుకోవడానికి వీలుగా పక్కన చుక్కల గీత కూడా పెట్టించాం.